నలభై మంది పిల్లలు పదకొండు మందయ్యారు, సాయంత్రం కేంద్రం మూసేయాలా?

ప్రశ్న: మేము ఎనిమిది మందిమి కలిసి నాలుగు నెలల కిందట బడి పిల్లల కోసం సాయంత్రం కేంద్రం మొదలుపెట్టాం. ముగ్గురం ఉద్యోగులం, నలుగురు కాలేజీ విద్యార్థులు, ఒకరు రిటైరైన టీచరు. వారానికి ఐదు రోజులు, రోజూ రెండు గంటలు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎవరైనా రావచ్చన్నాం. మొదటి వారమే నలభై మంది వచ్చారు. ఇప్పుడు పదకొండు మందే మిగిలారు. వాలంటీర్లలో ఇద్దరు కాలేజీ అబ్బాయిలు చెప్పాపెట్టకుండా మానేశారు. వాళ్లలో ఒకరికి బాగా చేరువైన ఎనిమిదో తరగతి అబ్బాయి ఇప్పటికీ రోజూ వస్తాడు. గుమ్మం దగ్గర నిలబడి ‘అన్న వచ్చాడా?’ అని అడిగి వెళ్లిపోతాడు. మిగిలినవాళ్లలో నలుగురు బాగా గొడవ చేస్తున్నారు, వాళ్లను విడిగా ఒక గదిలో కూర్చోబెడదామా అని ఆలోచిస్తున్నాం. ఒక దాత ఆరు కంప్యూటర్లు ఇస్తామంటున్నారు. అవి పెడితే పిల్లలు మళ్లీ వస్తారా? లేక మర్యాదగా మూసేయడమే మంచిదా?

జవాబు: మూసేయకండి. అయితే ఇప్పుడు నడుస్తున్న తీరులో మాత్రం ఇంకొక్క వారం కూడా నడపకండి. ముందు ఒక చిన్న లెక్క చూద్దాం.

ఎనిమిది మందీ తలా రెండు సాయంత్రాలు ఇచ్చారనుకుందాం. వారానికి పదహారు. ఐదు రోజులకు పంచితే రోజుకు ముగ్గురు. ఒకరికి ఆఫీసులో ఆలస్యమవుతుంది, ఇంకొకరికి జ్వరం వస్తుంది, చివరికి ఇద్దరు మిగులుతారు. నలభై మంది పిల్లలకు ఇద్దరు ముగ్గురు పెద్దలంటే అది మెంటరింగ్ (ఒక పెద్ద ఒకరిద్దరు పిల్లలకు చాలాకాలం తోడుగా నిలవడం) కాదు, బడి వదిలాక మళ్లీ ఇంకో పీరియడు. పైగా సోమవారం పక్కన కూర్చున్న అన్న బుధవారం ఉండడు. బుధవారం వచ్చిన అక్కకు సోమవారం సంగతి తెలియదు. ప్రతిసారీ తన పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి వస్తే పదమూడేళ్ల పిల్ల ఫిర్యాదు చేయదు. రావడం మానేస్తుంది, అంతే.

ఇప్పుడు మీకు మిగిలింది ఆరుగురు పెద్దలు, పదకొండు మంది పిల్లలు. ఆరుగురిలో ఒకరిని పూర్తిగా సమన్వయానికి వదిలేస్తే ఐదుగురు మెంటర్లు. నలుగురికి ఇద్దరేసి పిల్లలు, ఒకరికి ముగ్గురు. మీరు ఓటమిగా చూస్తున్న ఆ పదకొండు నిజానికి మీ బలానికి సరిగ్గా సరిపోయే సంఖ్య. నలభై అన్నది మీరు మొదట చేసిన పొరపాటు.

వారానికి ఐదు రోజులు కూడా వద్దు. రెండు రోజులు చాలు, రోజూ గంటన్నర చాలు. ఆ రెండు రోజులూ ప్రతి మెంటరూ రావాలి, తన పిల్లలతోనే కూర్చోవాలి. తల్లిదండ్రులు పనినుంచి వచ్చేదాకా పిల్లలు ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలన్నదే అసలు అవసరమైతే అది వేరే సేవ. దానికి రోజూ తెరవాలి, ఒక్కో పెద్దకు పది మంది దాకా ఉన్నా నడుస్తుంది, కానీ జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలి. హోంవర్క్ సాయం ఇంకో రకం. మెంటరింగ్ మూడో రకం. మీరు ఈ మూడింటినీ ఒకే బోర్డు కింద పెట్టారు, తల్లిదండ్రులు మొదటిది అనుకుని పంపారు, పిల్లలు మూడోది ఆశించి వచ్చారు, మీ వాలంటీర్లు రెండోది చేశారు.

సంఖ్య గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అమెరికాలో ఒక పెద్దకూ ఒక పిల్లకూ జత కలిపే పెద్ద సంస్థ బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్. దాని పనిమీద 1995లో వెలువడిన అధ్యయనంలో 10 నుంచి 16 ఏళ్ల మధ్య ఉన్న 959 మందిని చీటీ పద్ధతిలో రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మెంటర్లను ఇచ్చి, రెండో భాగాన్ని నిరీక్షణ జాబితాలో ఉంచి ఏడాదిన్నర తర్వాత పోల్చారు. మెంటర్ దొరికిన వాళ్లలో మత్తుపదార్థాలు కొత్తగా మొదలుపెట్టే అవకాశం 46 శాతం తక్కువగా కనిపించింది. ఈ అంకె చాలామందికి తెలుసు. దాని తర్వాతి కథ అంతగా ఎవరూ చెప్పరు. అదే సమాచారాన్ని 2002లో గ్రాస్‌మన్, రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు జత ఎన్నాళ్లు నిలిచిందన్న కోణంలో మళ్లీ చూశారు. ఏడాదీ అంతకు మించీ నిలిచిన జతల్లోనే ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలల లోపే తెగిపోయిన జతల్లో పిల్లలకు తమమీద తమకున్న విలువ, చదువులో తమ శక్తిమీద ఉన్న నమ్మకం తగ్గాయి. అంటే మధ్యలో వదిలేయడం వల్ల జరిగేది సున్నా కాదు, నష్టం. మీ గుమ్మం దగ్గర నిలబడే అబ్బాయి ఆ లెక్కలో ఉన్నాడు. అతని సంగతి చివర్లో విడిగా చెబుతాం.

కాబట్టి వాలంటీరును తీసుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘మీకు పిల్లలంటే ఇష్టమా?’ అన్నది కాదు. ఆ ప్రశ్నకు కాదనే మనిషి ఉండడు. ‘వచ్చే పన్నెండు నెలల్లో మీ పరీక్షలు ఎప్పుడు, ఊరు మారే అవకాశం ఉందా, ఈ రెండు రోజుల్లో సాయంత్రం ఇంకేదైనా పని ఉందా?’ అని క్యాలెండరు ముందు పెట్టుకుని అడగండి. కాలేజీ విద్యార్థులు వద్దనడం లేదు, పిల్లలు వాళ్లకే తొందరగా దగ్గరవుతారు. వాళ్ల పరీక్షల నెల మీకు ముందే తెలుసు కదా, ఆ మూడు వారాలూ ఎవరు ఆ పిల్లలతో కూర్చుంటారో ఇప్పుడే రాసుకోండి. పిల్లలకూ ముందే చెప్పండి: ‘అన్నకు ఫలానా తారీకు నుంచి పరీక్షలు, ఫలానా తారీకున మళ్లీ వస్తాడు, అంతవరకూ అక్క ఉంటుంది.’ చెప్పి వెళ్లిన గైర్హాజరును పిల్లలు తట్టుకుంటారు.

కొత్తవాళ్లను చేర్చుకునే పద్ధతి ఇలా ఉంటే మేలు. మొదట ముప్పావుగంట ముఖాముఖి. బంధువులు కాని ఇద్దరి పరిచయం, వాళ్లతో మీరే ఫోన్లో మాట్లాడాలి. పోలీసు ధ్రువీకరణ తెచ్చుకునే వీలు మీ దగ్గర ఉంటే అది తప్పనిసరి చేయండి, మీ మిత్రుడి తమ్ముడైనా సరే. తర్వాత రెండేసి గంటల చొప్పున రెండు శిక్షణ సిట్టింగులు. ఆ తర్వాత ఆరు వారాలు సహాయకుడిగా, అంటే ఆటలు సర్దడం, హాజరు రాయడం, ఎవరికీ మెంటర్ కాకుండా. మానేసేవాళ్లు చాలావరకు ఈ ఆరు వారాల్లోనే మానేస్తారు. అప్పటికి ఏ పిల్లా వాళ్లమీద ఆశ పెట్టుకుని ఉండదు. ఈ ఒక్క మెట్టు మీ దగ్గర ఉండి ఉంటే ఇప్పటి చిక్కు సగం ఉండేది కాదు.

శిక్షణలో పాఠాలు చెప్పడం కంటే మాట్లాడటం నేర్పండి. పెద్దవాళ్లలో చాలామందికి పిల్లలతో మాటంటే విచారణే. ఒక ఉదాహరణ తీసుకోండి. పుస్తకం తెరుస్తూ ఒక అబ్బాయి ‘ఇవాళ లెక్కల సారు నన్ను నిలబెట్టాడు’ అంటాడు. సాధారణంగా వచ్చే జవాబు ‘ఎందుకు, హోంవర్క్ చేయలేదా?’ అక్కడితో మాట అయిపోయింది, మీరు కూడా సారు పక్షమే అని వాడికి అర్థమైపోయింది. దాని బదులు ‘ఎంతసేపు?’ అని అడిగి చూడండి. ‘పీరియడంతా. అందరూ చూస్తూనే ఉన్నారు.’ ఇప్పుడు అసలు విషయం బయటికి వచ్చింది, నిలబెట్టడం కాదు, అందరూ చూడటం. ‘తర్వాత ఏం చేశావు?’ అంటే ఇంకో రెండు మాటలు వస్తాయి. తీర్పు లేని చిన్న ప్రశ్న, ఆపైన కాసేపు మౌనం. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి వాలంటీర్ల చేత ఈ సంభాషణను ఆడించండి, ఒకసారి తప్పుగా, ఒకసారి సరిగ్గా. ఇరవై నిమిషాల పని. ఉపన్యాసం కంటే బాగా పడుతుంది.

ఇంకో సంగతి. కౌమారంలో ఉన్న పిల్లలు ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘నీ గురించి చెప్పు’ అంటే ‘ఏముంది’ అంటారు. చేతులకు పని ఉన్నప్పుడు నోరు తెరుచుకుంటుంది. బొమ్మ గీయడం, సైకిల్ చెయిన్ ఎక్కించడం, చదరంగం, అట్టముక్కలతో ఏదైనా కట్టడం, ఏదైనా పరవాలేదు. మొదటి నెల రోజులూ పనే ముఖ్యం, మాట దానంతట అది వస్తుంది. రాకపోయినా కంగారు పడొద్దని మెంటర్లకు ముందే చెప్పండి. మూడో వారానికి ‘వాడు నాతో ఏమీ మాట్లాడట్లేదు, నేను పనికిరాను’ అనుకుని మానేసేవాళ్లు ఎక్కువ.

ఇక ఆ గంటన్నర. మొదటి పదిహేను నిమిషాలు వచ్చేవాళ్లు వస్తూంటారు: మంచినీళ్లు, తినడానికి ఏదైనా, హాజరు పట్టీలో సంతకం. తిండి పెడుతున్నప్పుడు ఎవరికి ఏది పడదో చేరిక ఫారంలోనే రాయించుకోండి. బడినుంచి నేరుగా వచ్చిన పిల్లను వెంటనే పుస్తకం తీయమంటే ఆమెకు ఇది ఎనిమిదో పీరియడు. తర్వాత ముప్పై ఐదు నిమిషాలు చదువు. ఆపైన ముప్పై నిమిషాలు చేతిపనో ఆటో. చివరి పది నిమిషాలు తమ మెంటరుతో ముగింపు: ‘మళ్లీ శుక్రవారం కలుద్దాం, ఆ బొమ్మ పూర్తి చేద్దాం’ అని రోజూ పనీ పేరు పెట్టి చెప్పాలి. గొడవలు ఎప్పుడు వస్తాయో ఒక వారం గడియారం చూసి రాసుకోండి. ఎక్కువగా మూడు సందర్భాల్లోనే వస్తాయి: లోపలికి వచ్చేటప్పుడు, చదువు నుంచి ఆటకు మారేటప్పుడు, హోంవర్క్ ముందే అయిపోయి ఖాళీగా కూర్చున్నప్పుడు. మొదటిదానికి గుమ్మం దగ్గర ఒక పెద్ద నిలబడి పేరు పెట్టి పలకరించాలి. రెండోదానికి ఐదు నిమిషాల ముందే చెప్పి, ఆట సామాను అప్పటికే బల్లమీద పెట్టి ఉంచాలి. మూడోదానికి పజిళ్లు, చిన్న కథల పుస్తకాలు, పదాల ఆటలు ఉన్న ఒక పెట్టె, ఎవరినీ అడగకుండా తీసుకునేలా.

మీ నలుగురు అల్లరి పిల్లల సంగతి ఇక్కడే. వాళ్లను ఒక గదిలో పెట్టొద్దు. ఇది దయ కొద్దీ చెప్పే మాట కాదు. 1939లో అమెరికాలోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో 506 మంది అబ్బాయిలతో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. సగం మందికి ఇంటికొచ్చి సాయం చేసే సలహాదారులను, చదువు సాయాన్ని, వేసవి శిబిరాలను సగటున ఐదేళ్లకు పైగా ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లను వెతికి పట్టుకుని 1978లో ఫలితాలు ప్రకటించారు. సాయం పొందినవాళ్లలో చాలామంది అది తమకు మేలు చేసిందనే చెప్పారు, కానీ నేరాలు, ఆరోగ్యం వంటి కొన్ని కొలతల్లో సాయం పొందని వాళ్లకంటే వాళ్ల పరిస్థితే అధ్వానంగా ఉంది. తర్వాత లోతుగా చూస్తే, ఒకటికి మించి వేసవి శిబిరాలకు వెళ్లిన అబ్బాయిల్లో ఆ నష్టం కొట్టొచ్చినట్టు కనిపించింది. దుడుకు పిల్లలు ఒకచోట చేరితే ఒకరి దుడుకుతనానికి మిగతావాళ్ల నవ్వే బహుమానమవుతుందన్నది దానికి పరిశోధకులు చెప్పిన కారణం. ఇదే మీ పక్కగదిలో జరుగుతుంది, కాకపోతే తలుపు వేసుకుని.

నలుగురినీ నలుగురు మెంటర్లకు పంచండి. ఒక్కో పనికి ఒక్కొక్కరిని బాధ్యుణ్ని చేయండి, హాజరు పట్టీ, ఆటపెట్టె, కుర్చీలు, గడియారం. రెండే నియమాలు పెట్టండి: ఎవరినీ కొట్టకూడదు, ఎవరినీ అవమానించకూడదు. ఆ గీత దాటితే ఆ రోజుకు ఇంటికి పంపవచ్చు, కానీ ఇంట్లో పెద్దలకు ఫోన్ చేసి, వాళ్లు వచ్చి తీసుకెళ్లాకే. మళ్లీ వచ్చిన రోజున మెంటరు ఐదు నిమిషాలు పక్కకు కూర్చుని ‘ఆ రోజు ఏమైంది, ఇవాళ ఏం చేద్దాం’ అని మాట్లాడితే చాలు. శాశ్వతంగా తీసేయడం అంటే ఇంకో తెగిన జత.

చదువు గంటలో ఏం చేయాలన్నదానికి చిన్న సూచన. తరగతిని బట్టి కాదు, వచ్చిన స్థాయిని బట్టి కూర్చోబెట్టండి. ప్రథమ్ అనే విద్యా స్వచ్ఛంద సంస్థ, పిల్లల చదువు స్థాయిని కొలిచే తన ఆసర్ సర్వేల్లో వాడే పద్ధతి ఇందుకు బాగా పనికొస్తుంది: ఒక్కో పిల్లకు ముందు నాలుగు వాక్యాల పేరా ఇస్తారు, అది చదివితే చిన్న కథ, చదవలేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు, చదవగలిగిన పై మెట్టే ఆమె స్థాయి. ఐదు నిమిషాలు పడుతుంది. మిగతావాళ్లు వినకుండా చేయండి. ఎనిమిదో తరగతి పిల్ల పేరా దగ్గర ఆగిందని బయటపడితే మళ్లీ రాదు. ముంబయి, వడోదరల్లో వెనకబడిన పిల్లలకు స్థానిక యువతుల చేత మూలపాఠాలు చెప్పించిన ప్రథమ్ కార్యక్రమంమీద 2007లో వచ్చిన పరిశోధనలో పరీక్షల ఫలితాలు స్పష్టంగా మెరుగుపడ్డాయి. పెద్ద డిగ్రీలు లేకపోయినా పని జరుగుతుందని అర్థం, స్థాయి సరిగ్గా పట్టుకుంటే.

చేతిపని సమయాన్ని కూడా గాలికి వదలొద్దు. బడి వేళల తర్వాత నడిచే 69 కార్యక్రమాలను 2010లో డర్లాక్, వైస్‌బర్గ్, పాచన్ కలిపి పరిశీలిస్తే, నాలుగు లక్షణాలున్నవే పిల్లల ప్రవర్తనలోనూ చదువులోనూ మార్పు తెచ్చాయి. నేర్పేది మెట్లు మెట్లుగా ఉండాలి, పిల్లలు చేసి నేర్చుకోవాలి, దానికి విడిగా సమయం ఉండాలి, ఏం నేర్చుకుంటున్నారో వాళ్లకు తెలిసి ఉండాలి. ఉదాహరణకు, స్నేహితులు బలవంతం చేసినప్పుడు కాదనడం. మొదటి వారం ఎప్పుడెప్పుడు కాదనలేకపోయారో రాయడం, రెండో వారం మూడు రకాల జవాబులు, మూడో వారం ఇద్దరిద్దరుగా ఆడి చూపడం, నాలుగో వారం బయట వాడి వచ్చి చెప్పడం. ‘ఈ నెల ఇది నేర్చుకుంటున్నాం’ అని గోడమీద రాసిపెట్టండి. నెలకు ఒక్కటి చాలు.

భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. ఏ పెద్దా ఏ పిల్లతోనూ మూసిన తలుపు వెనక ఒంటరిగా ఉండకూడదు. మాట విడిగా ఉండవచ్చు, చూపు మాత్రం అందరికీ అందాలి, అంటే హాలులో ఒక మూల లేదా తలుపు తెరిచి ఉన్న గది. ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలి, ఒక్కరే వస్తే ఆ రోజు తెరవకూడదు. పిల్లలతో వ్యక్తిగత వాట్సాప్ చాటింగ్ ఉండకూడదు, కబురేదైనా తల్లిదండ్రులూ సమన్వయకర్తా ఉన్న గ్రూపులోనే. డబ్బు ఇవ్వడం, ఫోన్లు కొనివ్వడం, బండిమీద ఇంటిదగ్గర దించడం వద్దు. ఫొటోలు ఇంట్లోవాళ్లు రాసిచ్చిన అనుమతితోనే. వచ్చిన వేళా వెళ్లిన వేళా పట్టీలో ఉండాలి, ఎవరు తీసుకెళ్లవచ్చో ఫారంలో ఉండాలి. ఈ నియమాలు మీ మంచి వాలంటీర్లను అనుమానించడానికి కాదు, చెడ్డ ఉద్దేశంతో వచ్చేవాడికి ఇక్కడ సందు లేదని ముందే తెలియడానికి.

పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు బరువైన విషయం చెబుతారు. ‘ఎవరికీ చెప్పనంటేనే చెబుతా’ అంటారు. ఆ మాట ఇవ్వకూడదు. ‘నీకు ప్రమాదం ఉన్న విషయమైతే నేనొక్కదాన్నే దాచుకోలేను. ఎవరికి చెప్పబోతున్నానో నీకు ముందే చెబుతా’ అనాలి. చెప్పాక, వినాలి. ‘నిజమేనా? నువ్వేం చేశావు? ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?’ అన్నవి నోట రాకూడదు. ‘చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పు లేదు’ అన్న రెండు ముక్కలు చాలు. వెంటనే పిల్ల వాడిన మాటలనే, సొంత వివరణ కలపకుండా, తేదీ సమయంతో రాసి అదే రోజు బాధ్యుల చేతికి ఇవ్వాలి. మీరే దర్యాప్తు చేయకూడదు, ఆరోపణ ఎవరిమీద ఉందో వాళ్లతో మాట్లాడకూడదు. మీ చోట చట్టం ఎవరికి తెలపమంటుందో, పిల్లల సహాయ ఫోన్ నంబరు ఏదో ఇప్పుడే కనుక్కుని గోడమీద కాగితం అంటించండి. ఆ రోజు వచ్చాక వెతుక్కుంటే ఆలస్యమవుతుంది.

ఆరుగురిలో ఒకరిని సమన్వయానికి వదిలేయమన్నాం. మీలో రిటైరైన టీచరుగారు ఒప్పుకుంటే వాళ్లే సరైన మనిషి, పగలు ఫోన్లు చేయగలరు కాబట్టి. ఈ పనికి ఫొటోల్లో చోటుండదు, కానీ కేంద్రం నిలిచేది దీనిమీదే. ప్రతి మెంటరుకూ మొదటి నెలలో రెండుసార్లు, తర్వాత నెలకొకసారి ఫోన్. ‘అంతా బాగుందా?’ అని అడిగితే మానేసే ముందురోజు దాకా ‘బాగుందండీ’ అనే వస్తుంది. ‘పోయినసారి ఇద్దరూ ఏం చేశారు? తను అన్న మాటల్లో ఏదైనా గుర్తుండిపోయిందా? వచ్చే రెండు వారాల్లో రాలేని రోజుందా?’ అని అడగాలి. మొదటిదానికి జవాబు తడబడితే ఆ జతకు సాయం కావాలన్నమాట.

వాలంటీర్లు ఒక్కరోజులో మానేయరు. ముందు ఆలస్యం, తర్వాత ‘ఇవాళ కుదరదు’ అని మెసేజ్, తర్వాత మెసేజ్ కూడా ఉండదు. రెండుసార్లు రాకపోతే మూడోసారి రావడానికి సిగ్గు. చాలామందిని వెనక్కి రానీయనిది బద్ధకం కాదు, ఆ సిగ్గే. అందుకే మొదటి గైర్హాజరు రోజునే ఫోన్ చేయాలి, నిలదీయకుండా.

పిల్లలకూ అంతే. వరుసగా రెండుసార్లు రాకపోతే సమన్వయకర్త ఇంటికి ఫోన్ చేయాలి, మూడోసారికి మెంటరుతో కలిసి వెళ్లాలి. పోయిన ఇరవై తొమ్మిది మందిలో కనీసం పదిమందిని ఈ రెండు వారాల్లో అడగండి, ఎందుకు రావట్లేదని కాదు, ‘మొదట్లో వచ్చావు కదా, ఎక్కడ విసుగనిపించింది?’ అని. హాజరు పట్టీ చూసి అమ్మాయిలు ముందు తగ్గారేమో గమనించండి. అలా అయితే కారణం మీ పాఠం కాకపోవచ్చు: చీకటిపడ్డాక ముగియడం, ఇంటికి తోడు లేకపోవడం, గొళ్లెం పడని మరుగుదొడ్డి, చెల్లినో తమ్ముణ్నో చూసుకోవాల్సి రావడం. వీటిలో రెండు మీ చేతుల్లోనే ఉన్నాయి.

కంప్యూటర్ల గురించి: ఇప్పుడు వద్దనండి. మొదటి వారం గుంపుగా వస్తారు, నిజమే. ఆరు యంత్రాల ముందు పదకొండు మంది, చేతికి దొరకని ఐదుగురి గొడవ, తాళాలు, రిపేర్లు, ఎవరు ఏం చూస్తున్నారో కనిపెట్టే మనిషి. మెంటరు పక్కన కూర్చునే అరగంటను తెర మింగేస్తుంది. దాతను నిరుత్సాహపరచకుండా వేరే అడగండి: వాలంటీర్ల రాకపోకల ఖర్చు, ప్రథమ చికిత్స పెట్టె, కథల పుస్తకాలు, సాయంత్రం తినుబండారాలు, సమన్వయకర్త ఫోన్ బిల్లు. దాతలు వస్తువులే ఇస్తామంటారు, ఫొటోకు అవి బాగుంటాయి కాబట్టి. అయినా అడిగి చూడండి, ఏడాది లెక్క కాగితంమీద వేసి చూపితే ఒప్పుకునేవాళ్లు ఉంటారు.

ఏడాది చివర ఏం సాధించామని అడిగితే చూపించడానికి నాలుగు అంకెలు రాసుకోండి: ఎన్ని జతలు మొదలయ్యాయి, వాటిలో పన్నెండో నెలకు ఎన్ని నిలిచాయి, పిల్లల హాజరు శాతం, మెంటర్ల హాజరు శాతం. చివరిది మూడింట రెండు వంతులకు దిగితే కొత్త పిల్లల్ని చేర్చుకోవడం ఆపండి. బడి హాజరు కూడా దొరికితే మంచిది. మార్కులను మొదటి ఆరు నెలలూ కొలవొద్దు. కొలవడం మొదలుపెట్టిన రోజు నుంచి మీ మెంటర్లు ట్యూషన్ మాస్టర్లవుతారు. ఇంకెవరైనా చేరతామంటే పేరు, తరగతి, ఫోన్ నంబరు రాసుకుని ‘కొత్త మెంటరు ఆరు వారాలు పూర్తిచేయగానే పిలుస్తాం’ అని చెప్పండి. నిరీక్షణ జాబితాను చూసి సిగ్గుపడక్కర్లేదు.

చివరగా, గుమ్మం దగ్గర అబ్బాయి. మానేసిన ఆ వాలంటీరుకు మీలో చనువున్న వాళ్లు ఫోన్ చేయండి. మళ్లీ చేరమని అడగొద్దు. ఒక్కసారి, అరగంట, వీడ్కోలు చెప్పడానికి రమ్మనండి. వస్తే అతను చెప్పాల్సినవి మూడు: రాకపోవడానికి నిజమైన కారణం, అందులో నీ తప్పేమీ లేదన్న మాట, ఇద్దరూ కలిసి చేసిన వాటిలో తనకు గుర్తున్న ఒక సంగతి. ‘వీలైనప్పుడు వస్తుంటా’ అని మాత్రం అనకూడదు. ఆ ఒక్క మాటకు ఈ పిల్లవాడు ఇంకో నాలుగు నెలలు గుమ్మం దగ్గర నిలబడతాడు. రానంటే అవే మూడు సంగతులు చేత్తో రాసి పంపమనండి. అదీ కుదరకపోతే సమన్వయకర్తే పక్కన కూర్చుని ‘అన్న ఇక రాడు. నీకు చెప్పకుండా వెళ్లడం మా పొరపాటు, నీది కాదు’ అని చెప్పాలి. కోపం చూపిస్తే చూపించనివ్వండి.

వెంటనే ఇంకొకరిని అంటగట్టొద్దు. రెండు మూడు వారాలు గుమ్మం దగ్గరే చిన్న పని ఇవ్వండి, హాజరు పట్టీ పట్టుకోవడం లాంటిది. రోజూ అక్కడే నిలబడుతున్నాడు కదా. ఆ గుమ్మం దగ్గర పలకరించే పెద్ద ఎవరో, ఏడాదంతా ఉండగలిగిన వాళ్లనే అక్కడ నిలబెట్టండి. కొన్నాళ్లకు అతను లోపలికి వచ్చి కూర్చునేది ఆ మనిషి పక్కనే కావచ్చు.